మహారాజశ్రీ లార్డ్స్ పెవిలియన్ గారికి

లండన్‌లోని లార్డ్స్ క్రికెట్ మైదానంలో ఆటగాళ్ళూ, సభ్యులూ కూర్చునే భవనమైన మీకు నమస్కరించి రాయునది. ఇక్కడ కుశలం. మీ కుశలం అడగక్కర్లేదు, చుట్టూ ఉన్న స్టాండ్లన్నీ కూలినా మీరు చెక్కుచెదరలేదు.

మా తెలుగు పేపర్లలో మీ పేరు తరచూ వస్తుంది. కాకపోతే మాకు మీరు భవనం కాదు, చావుకబురు. ‘ఓపెనర్లిద్దరూ పెవిలియన్ చేరారు’ అని చదివామంటే ఆ పూటకి టెన్షనే.

థామస్ వెరిటీ 1889-90లో మిమ్మల్ని ఎర్ర ఇటుకతో, రెండు బురుజులతో కట్టాడు. ఆయన కొడుకు ఫ్రాంక్ ఆ తర్వాత కట్టిన మౌండ్ స్టాండ్‌కి మీ యోగం లేదు. 1987 వచ్చేసరికి కింద ఇటుక కమానులు మిగిలాయి, పైన గుడారాల్లాంటి కప్పులు లేచాయి. మా ఢిల్లీ సచివాలయ భవనాలు కట్టిన హెర్బర్ట్ బేకర్ గారే మీ పక్కన 1926లో గ్రాండ్ స్టాండ్ కట్టారు. చూడముచ్చటైన స్టాండ్. అందులో చాలా సీట్ల నుంచి ఆట మాత్రం సరిగ్గా కనిపించేది కాదు. దానికి పరిహారమో ఏమో, కొడవలి భుజాన వేసుకుని బెయిల్స్ (వికెట్ల మీది చిన్న పుల్లలు) తీస్తున్న ముసలి కాలపురుషుడి బొమ్మను, గాలి దిశ చూపేదాన్ని, బేకర్ గారు కానుకగా ఇచ్చారు. 1990లలో ఆ స్టాండ్ కూల్చేసినప్పుడు పాపం ముసలాయన అద్దె ఇల్లు మారినట్టు మైదానం అవతలి వైపుకి వెళ్ళాడు.

వాళ్ళంతా పోయింది ఎందుకంటే, ఎక్కువమందికి ఆట చూపించాలి కాబట్టి. మీకా బాధ లేదు. మీ పని ఆట చూపించడం కాదు, గుమ్మం దగ్గర మనిషిని ఎగాదిగా చూడడం. కోటు ఉందా, టై ఉందా, మగవాడేనా?

ఆ మూడో ప్రశ్న మానుకోవడానికి మీ యజమాని అయిన క్రికెట్ క్లబ్బు ఎంసీసీకి 211 ఏళ్ళు పట్టింది. అప్పటిదాకా ఆట జరుగుతుండగా ఆడవాళ్ళు లోపలికి రాకూడదు. రాణిగారికీ, పనిచేసేవాళ్ళకీ మినహాయింపు. 1976లో మీ మైదానంలో జరిగిన తొలి మహిళల మ్యాచ్‌లో ఇంగ్లండ్ కెప్టెన్ రేచల్ హేహో ఫ్లింట్. ఆవిడ 1991లో సభ్యత్వానికి ‘ఆర్. ఫ్లింట్’ అని దరఖాస్తు పెట్టారు. ఆడవాళ్ళని చేర్చుకోవాలా అని 1998 ఫిబ్రవరిలో సభ్యులు ఓటేస్తే మూడింట రెండొంతులు రాలేదు. సెప్టెంబరులో మళ్ళీ ఓటేస్తే వచ్చాయి. ఏడు నెలల్లో అంత జ్ఞానోదయం ఎలా అయిందో మీ లాంగ్ రూమ్ హాలు గోడల మీది పటాలకే తెలియాలి.

అన్నట్టు, మీలోకి రావడమే కాదు, బయటపడడమూ కష్టమేనట. 1975లో తొలి టెస్టు ఆడుతున్న డేవిడ్ స్టీల్ బ్యాట్ పట్టుకుని బయల్దేరి, ఒక అంతస్తు ఎక్కువ దిగి, బేస్‌మెంట్‌లో టాయిలెట్ల దగ్గర తేలాడు.

అలాగని మీ మీద కోపం పెట్టుకోలేను. 1932 జూన్ 25న మా సి.కె. నాయుడు భారత జట్టుని తొలి టెస్టుకి నడిపించింది మీ ముంగిట్లోనే. సరిగ్గా అదే తేదీన, 1983లో, కపిల్ ప్రపంచకప్ ఎత్తింది మీ బాల్కనీలోనే. ఇక 2002లో ఇంగ్లండ్ మీద ఫైనల్ గెలిచిన సంగతి. టై లేనిదే సభ్యుణ్ణి గుమ్మం దాటనివ్వని మీ బాల్కనీలో నిలబడి గంగూలీ చొక్కా విప్పి గిరగిరా తిప్పాడు. ఆ సాయంత్రం మీ ఇటుకలు ఇంకాస్త ఎర్రబడి ఉంటాయి.

నాకూ ఒకసారి మీ లోపల కూర్చోవాలని ఉంది. సభ్యత్వానికి దరఖాస్తు పెడితే వంతు రావడానికి పాతికేళ్ళకు పైనే పడుతుందట. మొదటి బంతికే సున్నాకి ఔటైనవాడు మాత్రం రెండు నిమిషాల్లో మిమ్మల్ని చేరుకుంటున్నాడు. తిట్టుకుంటూ మరీ మెట్లెక్కుతున్నాడు.

ఇట్లు,
క్యూలో చిట్టచివరన ఉన్నవాడు