టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత ఆ సీసా ఇంటికెందుకు?

కెనడాలో రెండేళ్ల పిల్లాడు. రాత్రిళ్లు గురక, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం. అందుకని టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ అనే కండ తీసేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి పంపిస్తూ నొప్పి తగ్గడానికి కొడీన్ కలిసిన మందు రాశారు. రాసిన మోతాదు మామూలుదే. రెండో రాత్రి జ్వరం వచ్చింది, ఊపిరిలో పిల్లికూతలు మొదలయ్యాయి. తెల్లారేసరికి ప్రాణం పోయింది. 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వైద్యులు ఈ కేసు గురించి రాశారు. చదివిన ప్రతిసారీ నన్ను కలచివేసేది ఒక్కటే: ఆ ఇంట్లో ఎవరూ ఏ తప్పూ చేయలేదు.

కొడీన్ నల్లమందు కుటుంబానికి చెందినది, ఈ కుటుంబం మందులనే ఓపియాయిడ్లు అంటారు. కడుపులోకి వెళ్లాక కాలేయంలోని సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ దానిలో కొంత భాగాన్ని మార్ఫీన్‌గా మారుస్తుంది. నొప్పి తగ్గేది ముఖ్యంగా ఆ మార్ఫీన్ వల్లే. అయితే ఈ ఎంజైమ్ అందరిలో ఒకేలా పనిచేయదు. కొందరిలో దాదాపు పనే చేయదు, వాళ్లకు మందు వేసినా నొప్పి తగ్గదు. మరికొందరిలో ఈ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు అదనంగా ఉంటుంది, మార్ఫీన్ వేగంగా, ఎక్కువగా తయారై ఊపిరిని మందగిస్తుంది. ఆ పిల్లాడిది ఈ రెండో రకం. పైకి చూస్తే ఏ బిడ్డ ఏ రకమో తెలియదు, ఆపరేషన్ ముందు ఆ జన్యు పరీక్ష మామూలుగా ఎవరూ చేయించరు.

ఇందులో అసలు చిక్కు జన్యువు ఒక్కటే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. టాన్సిల్స్ తీసే పిల్లల్లో చాలామందికి ఆపరేషన్ చేసేదే నిద్రలో ఊపిరి అడ్డుపడుతోందని. నెలల తరబడి రాత్రిపూట ఆక్సిజన్ పడిపోతూ వచ్చిన పిల్లల మీద ఓపియాయిడ్లు మిగతా పిల్లల కంటే బలంగా పనిచేస్తాయి. టాన్సిల్స్ తీసేసినంత మాత్రాన ఆ రాత్రే ఊపిరి దారి తెరుచుకోదు. గొంతు వాచి ఉంటుంది. ఆ స్థితిలో ఊపిరిని మందగించే మందు పడుతుంది. అదీ ఆసుపత్రిలో వేలికి మానిటర్ పెట్టినప్పుడు కాదు, ఇంట్లో, చీకట్లో. రెండు రోజులు ఏడ్చిన బిడ్డ కదలకుండా పడుకుంటే అమ్మానాన్నలు ఏమనుకుంటారు? హమ్మయ్య, నొప్పి తగ్గి నిద్రపట్టింది అనుకుంటారు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

అమెరికాలో మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2012లో ఈ ప్రమాదం గురించి హెచ్చరించింది. 2013లో టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత పిల్లలకు కొడీన్ ఇవ్వకూడదని మందుతో వచ్చే వివరాల కాగితంలోనే, గీతల పెట్టెలో, తీవ్రమైన హెచ్చరికగా పెట్టించింది. అదే ఏడాది యూరప్ కూడా ఆంక్షలు పెట్టింది. 2017లో ఎఫ్‌డీఏ మరో అడుగు వేసింది: పన్నెండేళ్లలోపు పిల్లలకు కొడీన్ గానీ, నొప్పికి ట్రమడాల్ అనే మరో ఓపియాయిడ్ గానీ అసలే వద్దు, ఈ ఆపరేషన్ అయితే పద్దెనిమిదేళ్ల లోపు ఎవరికీ ట్రమడాల్ వద్దు. 1969 నుంచి 2015 మే వరకు కొడీన్ వల్ల పిల్లల్లో ఊపిరి తీవ్రంగా దెబ్బతిన్న 64 కేసులు ఆ సంస్థకు అందాయి, వాటిలో 24 మరణాలు. ఇవి తనకు చేరినవి మాత్రమేనని సంస్థే చెప్పింది.

మరి డాక్టర్లు మారారా? చాలావరకు మారారు. 2010 జనవరిలో ఈ ఆపరేషన్ అయిన అమెరికా పిల్లల్లో 31 శాతానికి కొడీన్ రాసేవారు. 2015 డిసెంబర్ నాటికి అది 5.1 శాతానికి తగ్గింది. హెచ్చరిక వచ్చి రెండేళ్లు దాటాక కూడా ఇరవై మందిలో ఒకరికి ఆ మందే అందుతోందంటే నాకు చిన్న విషయంగా అనిపించదు. కొడీన్ పోయిన చోటికి అదే కుటుంబానికి చెందిన హైడ్రోకొడోన్, ఆక్సికొడోన్ వచ్చాయి. 2016, 2017ల్లో ప్రైవేటు బీమా ఉన్న అమెరికా పిల్లల లెక్కలు తీస్తే, ఈ ఆపరేషన్ అయినవాళ్లలో సుమారు 60 శాతం మంది ఏదో ఒక ఓపియాయిడ్ మందు తెచ్చుకున్నారు. అది తెచ్చుకోని పిల్లలు నొప్పి భరించలేక ఆసుపత్రికి ఎక్కువగా తిరిగొచ్చారా అంటే, రాలేదు. తెచ్చుకున్నవాళ్లకు మలబద్ధకం మాత్రం ఎక్కువైంది. ఒక మందు పేరు కొట్టేసి, బలమైన మందు సీసా ఇంటికి పంపే అలవాటును అలాగే ఉంచారన్నది నా అభ్యంతరం.

నొప్పి నిజం కాదని నేను అనడం లేదు. గొంతులో పచ్చిపుండు, మింగితే చెవిదాకా పోటు, వారం పది రోజుల బాధ. నీళ్లు కూడా తాగనని మొరాయించే పిల్లలున్న ఇంట్లో ఆ టెన్షన్ ఎంతో చూసినవాళ్లకు తెలుసు. కానీ అమెరికా చెవి ముక్కు గొంతు వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాలు సూచించింది పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, లేదా రెండూ. ఇవి సరిగా పనిచేయాలంటే, ముఖ్యంగా మొదటి రోజుల్లో, బిడ్డ ఏడ్చేదాకా ఆగకుండా బరువును బట్టి లెక్కకట్టిన మోతాదును వేళకు వేయాలి. అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేవాల్సి రావచ్చు. ఐబుప్రోఫెన్‌తో రక్తస్రావం పెరుగుతుందా అన్న సందేహం ఇంకా పూర్తిగా తీరలేదు. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో మళ్లీ ఆపరేషన్ గదికి తీసుకెళ్లాల్సినంత రక్తస్రావం ఐబుప్రోఫెన్ వాడినవాళ్లలో 2.9 శాతం, పారాసెటమాల్ వాడినవాళ్లలో 1.2 శాతం. అందుకే ఏది, ఎంత అన్నది బిడ్డను చూసిన డాక్టరే చెప్పాలి.

మన దేశంలో ట్రమడాల్‌ను 2018 ఏప్రిల్‌లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. దుర్వినియోగాన్ని ఆపడానికి అది అవసరమే. అయితే టాన్సిల్స్ తీసిన పిల్లల ముప్పు వేరు. వాళ్లకు అలవాటు పడేంత కాలం అక్కర్లేదు, ఒక్క రాత్రి చాలు. దానికి కావాల్సింది డిశ్చార్జి వేళ పది నిమిషాలు. చీటీలో ఏ మందులున్నాయి, వాటిలో ఓపియాయిడ్ ఉందా, ఈ సిరప్‌లోనే పారాసెటమాల్ కలిసి ఉందా, మా వాడు నిద్రలో గురకపెట్టేవాడని మీకు గుర్తుందా అని అమ్మానాన్నలు అడగాలి, విసుక్కోకుండా అటువైపు నుంచి జవాబు రావాలి. ఆ రాత్రి బిడ్డ పక్కనే ఎవరో ఒకరు పడుకోవాలి. లేపినా సరిగా లేవకపోయినా, ఊపిరి నెమ్మదించినా, ఆగి ఆగి వస్తున్నా, పెదాలు నీలంగా మారినా, తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.