తీర్పు ముందే లీకైంది

ఈమధ్య ఒక భూస్థాపనకు వెళ్లాను. పెట్టె ఇంకా మూయలేదు. కూతురు వంగి తండ్రి చొక్కా కాలర్ సర్దుతోంది. మైకు పట్టుకున్న పాస్టరు అయ్యగారు, "ఈయన ఎక్కడికి వెళ్లాడో మనకు తెలుసు, మీరైనా జాగ్రత్తపడండి" అన్నారు. ఆమె చెయ్యి కాలర్ మీదే ఆగిపోయింది.

నాకైతే కుతూహలం ఆగలేదు. బైబిలు చివరి పుస్తకం ప్రకటన గ్రంథం 20వ అధ్యాయం ప్రకారం అంత్యతీర్పు రోజున ముందు ధవళ సింహాసనం వెయ్యాలి, గ్రంథాలు విప్పాలి, జీవగ్రంథంలో పేరు వెతకాలి, అగ్నిగుండం ఆ తర్వాతే. ఇంత ప్రొసీజర్ ఉండగా తీర్పు కాపీ అయ్యగారికి ముందే ఎలా అందింది? ఆ రోజు ఎప్పుడో దూతలకే తెలియదని మత్తయి సువార్త 24 చెబుతుంది. దూతలకు పరీక్ష తేదీ తెలియదు, ఈయనకు మాత్రం హాల్ టికెట్ నంబర్లతో సహా ఫలితాలు తెలుసు! 1844 అక్టోబర్ 22న ప్రభువు వస్తాడని కాచుకున్న అమెరికా బోధకుడు విలియం మిల్లర్ అనుచరుల సంగతి పాపం మర్నాడు తెల్లారేసరికే తేలిపోయింది. నరకం చిరునామా చెప్పేవాడికి ఆ టెన్షన్ లేదు. వెళ్లినవాడు తిరిగొచ్చి కాదనడుగా.

సరే, ఆ రోజు వచ్చిందనే అనుకుందాం. లైన్లో అయ్యగారే ఫస్టు. చంకలో ఫైలు. ఎవరు కానుక ఎగ్గొట్టారు, ఎవరు ప్రసంగం మధ్యలో ఆవలించారు, అన్నీ తేదీలవారీగా ఉన్నాయి.

"ఆకలేసింది. పెట్టావా?"

"ఆత్మీయ ఆకలేనా, ప్రభువా?"

"అన్నం ఆకలే. పరదేశినై వచ్చాను, చేర్చుకున్నావా?"

"గుర్తింపు కార్డు అడిగాను, ప్రభువా."

"బట్టల్లేవు నాకు."

"వస్త్రధారణ మీద మూడు వారాలు ప్రసంగించానే!"

"జబ్బుపడ్డాను."

"నీ పాపం వల్లేనని చెప్పి వచ్చాను."

"చెరసాలలో ఉన్నాను."

అయ్యగారికి చెమటలు పట్టాయి. "ఇవేవీ సిలబస్‌లో లేవు, ప్రభువా!"

ఉన్నాయి, మత్తయి 25లో. ఇంకో చిక్కు కూడా ఉంది అక్కడ. కుడివైపు గొర్రెలుగా నిలిచిన మంచివాళ్లూ ఎడమవైపు మేకలుగా నిలిచిన చెడ్డవాళ్లూ అడిగేది ఒకటే మాట, "ప్రభువా, ఎప్పుడు?" అని. తనది ఏ వైపో ముందే తెలిసినవాడు ఆ మందలో ఒక్కడూ లేడు.

పసిపిల్లల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకు నవ్వు రాదు. బాప్తిస్మం లేకుండా పోయిన పసికందులకూ శిక్ష తప్పదు, కాకపోతే అందరికంటే తేలిక శిక్ష అని అయిదో శతాబ్దంలో క్రైస్తవ వేదాంతి అగస్టీన్ తేల్చాడు. ఆ తర్వాతివాళ్లు జాలిపడి నరకం అంచున లింబో అని ఒక చోటు చూపించారు. ఆ పిల్లలు రక్షణ పొందుతారని ఆశపడటానికి గట్టి కారణాలే ఉన్నాయని వాటికన్ వేదాంత కమిషన్ రాసింది ఎప్పుడయ్యా అంటే, 2007లో. 1500 ఏళ్లు దాటాక! ఈలోపు పాలింకా ఇంకని తల్లులు ఎంతమంది ఆ మాట విని కుమిలిపోయారో, వాళ్లకెవడు జవాబు చెబుతాడు? సిగ్గుండక్కర్లేదా? యేసు నోట నరకానికి వచ్చిన మాట గెహెన్నా. అది యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ పేరు. ఒకప్పుడు అక్కడ పిల్లల్ని అగ్నిలో వేసేవారు. ఆ పని నేను చెప్పలేదు, నాకసలు తోచనే లేదు అంటాడు దేవుడు యిర్మీయా 7లో. ఆయనకు తోచనిది వీళ్లకు తోచింది.

ఆ రోజు ప్రార్థన అయ్యాక అయ్యగారు బైబిలు మూసి ఓ పక్కకు వచ్చారు. చాలాసేపు ఎండలో నిలబడ్డారంటూ ఆ కూతురే గ్లాసుతో మంచినీళ్లు తెచ్చిచ్చింది. గటగటా తాగి, ఇంకో గ్లాసు అడిగారు.