నల్ల బ్యాగూ, వైజాగ్ ఎట్లుండెనో జర నువ్వే చెప్పు

మా ఇంటి నల్ల బ్యాగుకు,

నువ్విప్పుడు సజ్జ మీద కూలర్ గడ్డి పక్కన సల్లగ పండుకున్నవ్, నేను కింద చాప మీద కూసోని రాస్తున్న. మనుషులకు రాద్దామంటే మా ఇంట్ల చదివేటోళ్ళు లేరు, అందరు రీల్స్ చూస్కుంట కూసున్నరు. అయినా ఈ ముచ్చట ఇంకెవరికి రాసినా అర్థం కాదు, వైజాగ్‌ల నాలుగు రోజులు నాతోని ఉన్నది నువ్వొక్కదానివే.

వచ్చి వారమైతుంది. నల్లగొండల కనపడ్డోళ్ళందరు ఒకటే అడుగుడు, వైజాగ్ ఎట్లుంది, సముద్రం ఎట్లుంది అని. బడిల టీచర్లు అడిగిన్రు, పక్కింటి వదిన అడిగింది, ప్రకాశం బజార్ల గాజులామె కూడా అడిగింది. నేనేం చెప్పాలె? బెంచీలు మంచిగున్నయ్ అని చెప్పాల్నా? మా ఆయన ఫోన్ల 600 ఫోటోలున్నయ్, అండ్ల నేనున్నయి నాలుగు, ఆ నాలుగిట్ల మూడిట్ల నువ్వు నా ఒళ్ళె ఉన్నవ్. నాలుగోదాంట్ల నా మొకం లేదు, నీ పట్టీ పట్టుకున్న చెయ్యి ఒక్కటే ఉంది.

సంక్రాంతి సెలవులకు ఎటన్న పోదామని మొదలుపెట్టింది మా మరిది. ఒక వీడియో పెట్టి చూపిచ్చిండు, అండ్ల ఒక పిలగాడు ఎగురుకుంట చెప్తుండు, ఫ్యామిలీకి బెస్ట్ ప్లేస్ ఫ్రెండ్స్, పిల్లలు పెద్దలు అందరు కలిసి ఎంజాయ్ చెయ్యొచ్చు అని. ఈ అందరు అనే మాటను ఎవరన్న లెక్కేసి చూసిన్రా? అత్తమ్మ, మామయ్య, మా ఆయన, నేను, మా ఇద్దరు పిల్లలు, మరిది, తోటికోడలు, వాళ్ళ బాబు, మొత్తం తొమ్మిది మందిమి. అందరు అంటే తొమ్మిదిలకెళ్ళి ఒకటి తీసేస్తే వచ్చేదట. నేను లెక్కల టీచర్నే, నాకే ఈ లెక్క వైజాగ్ పోయేదాక తెల్వలె.

సముద్రమే కావాలంటే మన పానగల్ల ఉదయసముద్రం ఉంది కదా, పక్కనే ఛాయా సోమేశ్వరుని గుడి ఉంది, పొద్దంత లింగం మీద నుంచి కదలని ఆ నీడ ఏ స్తంభానిదో పిల్లలు తల బద్దలు కొట్టుకుంట కూసుంటరు, పులిహోర తిని పొద్దుగూకే వరకు ఇంటికి రావొచ్చు అన్న. మా ఆయన నవ్విండు, చెరువుకు సముద్రం అని పేరు పెట్టుకుంటె సముద్రమైతదా అని. ఏం మనిషో. కందూరు చోడ రాజుల కాలం నుంచి ఆ పేరు నడుస్తుంది, సముద్రం అందనంత దూరంల ఉన్నోళ్ళు తవ్వుకున్న చెరువుకు ఆ పేరు పెట్టుకున్నరంటె అది ఎంత ఆశనో ఆయనకేం తెలుసు. అయినా ఇప్పుడు అండ్ల వచ్చేటి నీళ్ళు కృష్ణవే, ఆ కృష్ణ పోయి హంసలదీవి కాడ కలిసేది బంగాళాఖాతంలనే. అంటె రేపు సముద్రంల పడేటి నీళ్ళే ఇయ్యాల మన ఇంటి కాడ ఉన్నయ్. ఇది చెప్తె మరిది, వదినా మీరు క్లాస్ పీకుడు ఆపరా అన్నడు. టికెట్లు బుక్కయినయ్.

ఇగ నీ సంగతికొస్త. నువ్వు కొన్నప్పుడు పెండ్లికూతురు లెక్క ఉన్నవ్, ఆ రాత్రి నిన్ను చూస్తె తొమ్మిది నెలల గర్భిణి లెక్క అయినవ్. తొమ్మిది టవల్లు, సకినాల డబ్బ, పులిహోర గిన్నె, మామిడికాయ తొక్కు సీస, అత్తమ్మ దుప్పటి, మామయ్య గోళీలు, బాబు డైపర్లు, జండూబామ్, పిల్లల ఈత బట్టలు, రెండు లీటర్ల నీళ్ళ సీసలు మూడు, ఇయ్యన్ని పెట్టినంక మా ఆయనొచ్చి ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టు, లాడ్జిల ప్లగ్గులు ఏడుంటయో ఏమో అన్నడు. అదొక్కటి పెట్టంగనే నీ జిప్పు పటుక్కుమంది. పిన్నీసు పెట్టిన. విశాఖ ఎక్స్‌ప్రెస్ మన ఊరి మీదికెళ్ళే పోతది కాబట్టి స్టేషన్ల కష్టం కాలె, రాత్రంత నువ్వు సీటు కింద, నేను సీటు మీద, నా కాలు నీ మీద. కాలు తీస్తె ఎవరన్న గుంజుకపోతరని మెలకువతోనే ఉన్న. సకినాల కోసం దొంగలొస్తరని నేనెట్ల అనుకున్ననో నాకే తెల్వదు.

మొదటిరోజు ఆర్కే బీచ్. ఆడ కురుసుర అని అసలు సబ్‌మెరైన్‌నే ఒడ్డు మీదికి తెచ్చి పెట్టిన్రు, బయట నుంచి చూస్తె మస్తు పొడుగుంది, 91 మీటర్లట. గేటు కాడికి పోంగనే మా ఆయన నిన్ను చూసిండు, నన్ను చూసిండు. లోపల ఇరుకుంటదట, బ్యాగుతోని కష్టం, నువ్వు జర కూసుంటవా, మేము గిట్ల పోయి గట్ల వస్తం అన్నడు. అత్తమ్మ మోకాళ్ళ నొప్పులని ఇంట్ల మెట్టు దిగదు, ఆమె కూడా చీర ఎత్తి దోపుకోని లోపలికి పోయింది. తోటికోడలుకు చిన్న బాబున్నడు, ఆమె కూసోవాలె కదా అనుకున్న, కానీ బాబుకు చూపియ్యాలంట. బాబుకు తొమ్మిది నెలలు!

గిట్ల పోయి గట్ల వచ్చేది గంట పట్టింది. బయటికొచ్చినంక మా పెద్దోడు నాకు మొత్తం అప్పజెప్పిండు, మమ్మీ అది సోవియట్‌ల తయారైంది, 1969ల మన నేవీల చేరింది, 1971 యుద్ధంల కూడా పనిచేసింది, 2001ల రిటైర్ అయింది, మల్ల సంవత్సరమే మ్యూజియం చేసిన్రు, లోపల డెబ్బై మందికి పైగ ఉండేటోళ్ళట, పక్కలు ఒకదాని మీద ఒకటి ఉన్నయ్ అని. నాకు వచ్చిన అనుమానం ఒక్కటే, అంతమంది బ్యాగులు ఏడ పెట్టేటోళ్ళు, ఎవరు కూసునేటోళ్ళు? అడిగితె వాడు నా దిక్కు జాలిగ చూసిండు. ఇగ రోడ్డు దాటితె టీయూ 142 విమానం, 29 ఏండ్లు నేవీల పని చేసి 2017ల దిగింది, అది కూడా లోపలికి పోయి చూడొచ్చు. చూడొచ్చు అంటె వాళ్ళు చూడొచ్చు. నేను దాని రెక్క కింది నీడ చూసిన, పెద్ద నీడ, పండుకోవచ్చు.

ఒక్కటి ఒప్పుకుంట బ్యాగూ, ఇది ఊర్కె నెత్తిన పడ్డ పని కాదు. నాలుగేండ్ల కింద సాగర్ పోయినం కదా, నాగార్జునకొండకు పోయే లాంచీ ఎక్కే ముందు నిన్ను పది నిమిషాలు మా ఆయనకు అప్పజెప్పి నేను పిల్లలను బాత్రూంకు తీస్కపోయిన. వచ్చి చూస్తె నువ్వు ఎండల ఒక్కదానివే, ఆయన చాయ్ బండి కాడ ఎవరితోనో రాజకీయాలు మాట్లాడుతుండు. దూరం నుంచి చూస్తున్ననే అన్నడు. నీ దిక్కు ఈపు పెట్టి చూస్తుండె. గప్పటి సంది నిన్ను ఇంకొకరి చేతికి ఇస్తె నాకు ఊపిరాడదు, ఇది వాళ్ళకు తెలిసిపోయింది, అంతే.

రెండోరోజు రుషికొండ. 2020ల బ్లూ ఫ్లాగ్ వచ్చిన బీచ్ అది, అంటె నీళ్ళు, శుభ్రత, రక్షణ అన్ని పరీక్షించి ఇచ్చే గుర్తు. ఇసుక నిజంగనే మంచిగుంది, నేను దాని మీద రెండు గంటలు కూసున్న కదా, నాకన్న ఎక్కువ ఎవరికి తెలుసు. ఎనిమిది జతల చెప్పులు మన చుట్టు, ఫోన్లు నీ కడుపుల, మా ఆయన పర్సు నా జాకెట్ల. చుట్టు చూస్తె నాకు నవ్వొచ్చింది, ఒడ్డు పొడుగున కుటుంబానికి ఒక్కరు, చెప్పుల కుప్ప ముంగట పోచమ్మ లెక్క కూసోని ఉన్నరు. బీచ్‌ల మస్తు బోర్డులున్నయ్, లోపలికి పోవద్దు, అలలు గుంజుతయ్ అని రాసిన్రు, మంచిదే, కానీ మాలాంటోళ్ళకు అసలు పోయే ప్రమాదమే లేదని ఎవరు రాయాలె?

గప్పుడే అత్తమ్మ వచ్చింది. అరవై ఆరేండ్లల్ల మొదటిసారి సముద్రం చూసుడు ఆమె. ఆమె పుట్టిల్లు మర్రిగూడ దిక్కు, ఆ దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళతోని ఎంతమంది ఎముకలు వంగినయో నల్లగొండోళ్ళకు కొత్తగ చెప్పే పని లేదు, ఆమె తమ్ముడు కూడా అట్లనే నడుము వంగి పోయిండు. అందుకే ఏ ఊరు పోయినా ముందు నీళ్ళు నోట్లె పోస్కోని చూస్తది. సముద్రాన్ని కూడా వదల్లె. దోసిట్ల పట్టి నోట్లె పోస్కుంది, తుపుక్కున ఊసింది, నా పక్కన కూలబడి అన్నది, మా బోరు నీళ్ళకన్న ఇవే నయం బిడ్డా, తాగొద్దని మొదటి గుక్కకే చెప్తున్నయ్, మాయి ఏం చెప్పకుంట తాగిపిచ్చినయ్. నాకేం మాట రాలె. ఆమె మల్ల లేచి, నువ్వు కూసో బిడ్డా, నేను ఇంకొక్కసారి కాళ్ళు కడుక్కొస్త అని పోయింది. ఆ ఒక్కసారి ముప్పావు గంట. ఆమెను నేనేమన. అరవై ఆరేండ్ల బాకీ ఆమెది.

మన పక్కన ఇంకో కుప్ప ముంగట ఒకామె కూసుంది, రాజమండ్రి దిక్కట, ఎర్ర బ్యాగు ఆమెది. కాసేపు ఒకరి బ్యాగు ఒకరం చూస్కున్నం. తర్వాత ఆమే అన్నది, మీవి నేను చూస్తానండి, ఓ ఐదు నిమిషాలు వెళ్ళొచ్చేయండి, తర్వాత మావి మీరు చూద్దురు గానీ అని. చూడు, గవర్నమెంటుకు తట్టనిది, టూరిజమోళ్ళకు తట్టనిది ఆమెకు తట్టింది. నేను లేచిన. చీర కుచ్చిళ్ళు ఎత్తిన. మొదటి అల వచ్చి కాళ్ళ మీద పడి, పోయేటప్పుడు పాదాల కింద ఇసుకను గుంజుతుంటె భూమే జారిపోయినట్టయింది, నలబై ఒక్క ఏండ్లల్ల గట్ల నవ్విన్నో లేదో యాదికి లేదు. రెండో అల వస్తుంది, సగం దూరం వచ్చింది, నేను ఎనకకు చూసిన. ఆమె ఆడనే ఉంది, నిన్ను సొంత బ్యాగు లెక్క ఒళ్ళె పెట్టుకోని ఉంది. అయినా తెల్వనామె, అండ్ల ఆరు ఫోన్లు. మనసొప్పలె. ఉరికొచ్చిన. వైజాగ్‌ల నేను చూసిన సముద్రం మొత్తం కలిపి ఒకటిన్నర అల, రాసిపెట్టుకో.

ఆమె మాత్రం తన ఐదు నిమిషాలకు పోయి అరగంట రాలె. నడుము దాక తడిసి, జుట్టు ఊడిపోయి, పిల్లలకన్న ఎక్కువ నవ్వుకుంట వచ్చింది. ఆ అరగంట నేను రెండు కుటుంబాల సామాన్లు కాసిన. ఆమె మీద నాకు కోపం రాలె. జర ఈర్ష్య అయింది, దాచుకునుడెందుకు.

జూ గురించి చెప్పేదేం లేదు, 1977 నుంచి ఉందట, మూడు దిక్కుల కొండలు ఒక దిక్కు సముద్రం, పులులు లోపల వాళ్ళకు కనపడ్డయ్, బయట కోతి నాకు కనపడ్డది, సకినాల డబ్బ మూత తీసుడు దానికి నాకన్న మంచిగొస్తది. కైలాసగిరి కాడ మాత్రం రోప్‌వేల మనమిద్దరం ఎక్కినం, దిగేది ఇంకో దిక్కు అయితదేమో అని మా ఆయనకు భయమై నిన్ను కింద వదలనియ్యలె, ఆయన దయ. డబ్బల జాగ లేదు, నువ్వు కిటికీ దిక్కు కూసున్నవ్, నేను నడుమ, నీ పిన్నీసు నా మోచేతికి గుచ్చుకుంట ఉంది. కింద ఆ నీలం నీళ్ళు, ఆ ఒంపు తిరిగిన ఒడ్డు, అందరు అబ్బ అబ్బ అంటున్నరు. నాకు నీ పట్టీ సందులకెళ్ళి ఒక ముక్క కనపడ్డది. పైన 40 అడుగుల తెల్లటి శివపార్వతులు పక్కపక్కన కూసోని ఉన్నరు, నేను శానసేపు చూసిన, వాళ్ళ దగ్గర ఒక్క బ్యాగు లేదు.

అందుకే అడుగుతున్న. టికెట్ కౌంటర్ల కాడ పెద్దలకింత, పిల్లలకింత, కెమెరాకింత అని రాస్తరు. కెమెరాకు కూడా ఒక వరుస ఉన్నప్పుడు బ్యాగు పట్టుకోని బయట కూసునేదానికి ఒక వరుస ఎందుకు లేదు? ఫ్రీ అనే రాయున్రి, కనీసం మనిషని తెలుస్తది.

వాళ్ళప్పుడే మల్ల ఎండకాలం సెలవులకు గోవా అంటున్నరు. నిన్న మా ఆయన బస్టాండు కాడ నీ జిప్పు బాగుచేపిచ్చిండు, 60 రూపాయలు తీస్కున్నరట, ఇంక రెండు కిలోలు ఎక్కువ పట్టొచ్చు అన్నడు సంబురంగ. నాకు ఏమన్న బాగుచేపియ్యాల్నా అని అడగలె.

ఇంకొకటి చెప్పుడు మర్చిన. వచ్చిన రోజు నిన్ను దులిపితె గుప్పెడు ఇసుక రాలింది, దాంతోపాటు చిన్న గులాబి రంగు చెప్పు పడ్డది, ఎడమ కాలుది, నాలుగేండ్ల పిల్లది అయ్యుంటది. మనోళ్ళది కాదు. రెండు కుప్పలు నేనే చూసిన కదా, ఆగమాగంల కలిసిపోయినట్టుంది. ఆమె నంబరు తీస్కోలె, పేరు కూడా అడగలె. గిప్పుడు ఆడ రాజమండ్రిల ఆ ఎర్ర బ్యాగును దులుపుకుంట ఆమె ఎంత తిడుతుందో నన్ను. చెప్పు నీ పక్క జేబులనే పెట్టిన, తియ్యకు.

ఇట్లు,
టికెట్టు తియ్యని తొమ్మిదో మనిషి,
నల్లగొండ