ఆరు లక్షల ప్యాకేజీ, చేతికి ముప్పై ఏడు వేలు

నెలాఖరున బెంగళూరు మారతహళ్లి పీజీ హాస్టళ్లలో ఫోన్లన్నీ ఒక్కసారే టింగుమంటాయి. మొన్న అలా మొదటి జీతం మెసేజీ చూసుకున్న అనంతపురం కుర్రాడొకడు కంపెనీ మోసం చేసిందనుకుని, జీతం చీటీ పట్టుకుని నేరుగా మా ఆఫీసుకొచ్చాడు. ఆరు లక్షల ప్యాకేజీ అన్నారు సార్, నెలకు యాభై వేలు రావాలి కదా, 37,600 పడింది, పేపర్లో రాయండి అన్నాడు.

చీటీ చూశాం. బేసిక్ 25,000. దానిమీద 12 శాతం, అంటే 3,000, కంపెనీ కట్టే పీఎఫ్ (భవిష్య నిధి). అదీ ప్యాకేజీలోనే కలిపేశారు. గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే సొమ్ము) పేరుతో 1,200, మామూలుగా ఐదేళ్లు పనిచేస్తేగానీ చేతికి రాదు. వేరియబుల్ పే 5,000, ఏడాది చివర రేటింగ్ బాగుంటే సరేసరి. మిగిలిన 40,800లోంచి కుర్రాడి వాటా పీఎఫ్ ఇంకో 3,000, కర్ణాటక వృత్తి పన్ను 200 పోయాయి. లెక్క సరిపోయింది. పీఎఫ్ సొమ్ము తన ఖాతాలోనే ఉంది. ఉద్యోగం మారినప్పుడు డ్రా చేసి బైకు కొనేయకుండా అదే పీఎఫ్ నంబరు, అంటే యూఏఎన్‌ మీద బదిలీ చేయించుకుంటే చాలు.

కంపెనీ తప్పు లేదు సరే, మరి ఈ ముక్క కుర్రాడికి ముందే ఎవరు చెప్పాలి? నాలుగేళ్లు ఫీజు గుంజిన కాలేజీ మైకులో ఆరు లక్షలని అరిచింది, గేటుకు ఫ్లెక్సీ కట్టింది, ఫొటో మాకు పంపింది. మేమూ వేశాం, ఒప్పుకుంటున్నాం.

ఆదాయపు పన్ను సంగతి నిజానికి అంత టెన్షన్ పడాల్సింది కాదు. 2025-26లో కొత్త విధానం కింద 12 లక్షల దాకా పన్ను పడదు, జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుంటే 12.75 లక్షల దాకా. కానీ పన్ను సున్నా అయినా ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను వేయాల్సిందే, ఇది చాలామంది పిల్లలకు తెలియదు. ఇంటర్న్‌షిప్ డబ్బులో పది శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసి ఇచ్చిన చోట ఆ కోత వెనక్కి రావాలన్నా దారి రిటర్నే.

అసలు గుండె గుభేల్‌మనేది చదువు అప్పు దగ్గర. కుర్రాడి తండ్రి ఏడాదికి లక్షన్నర చొప్పున నాలుగేళ్లలో ఆరు లక్షలు తీసుకున్నాడు, వడ్డీ పది శాతం. చదువు అయ్యాక ఇంకో ఏడాది దాకా కట్టక్కర్లేదు అని బ్యాంకులో చెబితే, వడ్డీ కూడా ఆగుతుందని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. ఆగదు. సాధారణ వడ్డీయే అయినా ఐదేళ్లు నిండేసరికి 2.1 లక్షలు పేరుకుంది, ఇప్పుడు అసలు 8.1 లక్షలు, పదేళ్లకు ఈఎంఐ సుమారు 10,700. పీజీ అద్దె, మెస్సు ఖర్చు పోను ఇంటికి పంపేదేముంది? చదివేటప్పుడే నెలనెలా వడ్డీ ఒక్కటీ కట్టుకుంటూ వచ్చుంటే అసలు ఆరు దగ్గరే ఉండేది, అలా కట్టేవాళ్లకు కొన్ని బ్యాంకులు ఒక శాతం తగ్గిస్తాయి కూడా. ఇంకోటి, చదువు అప్పు వడ్డీకి పన్నులో మినహాయింపు పాత విధానంలోనే ఉంది, కొత్తదాంట్లో లేదు.

కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉన్నవాళ్లకు 2024లో కేంద్రం తెచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద 10 లక్షల దాకా అప్పుపై, మారటోరియం (వాయిదాలు కట్టక్కర్లేని) కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ వస్తుంది. కాకపోతే కాలేజీ ఆ పథకం జాబితాలో ఉండాలి. సీటు తీసుకునే ముందు చూసుకోవాల్సింది ఇదీ.

కాలేజీలను మేం కోరేది ఒక్క పూట. ఆఖరి సంవత్సరం పిల్లల ముందు ఒక జీతం చీటీ, ఒక అప్పు కాగితం పెట్టి లెక్క వేయించండి. మా వంతుగా, ఇకపై ప్లేస్‌మెంట్ వార్త వేసేటప్పుడు ప్యాకేజీ పక్కనే నెలకు చేతికొచ్చేదెంతో కూడా వేస్తాం. కాలేజీ ఆ అంకె ఇవ్వకపోతే వార్త ఆగుతుంది.