రెండున్నర రోజుల చుట్టాలు

మొన్న సింగపూర్‌లో మన తెలుగు సమాజం ఉగాది సభలో పంచాంగ శ్రవణం అయ్యాక భోజనాల వరసలో ఇద్దరు కుర్రాళ్ళు నిలబడ్డారు. వీపున పెద్ద సంచులు, కాళ్ళకు రబ్బరు చెప్పులు. మలేషియా నుంచి బస్సులో దిగి, సభ ఉందని తెలిసి నేరుగా వచ్చేశారట. ముందున్న పెద్దాయన్ని అడిగారు: "అంకుల్, రెండున్నర రోజులున్నాం. ఏం చూడమంటారు?" "రెండున్నర రోజుల్లో ఏం చూస్తారు బాబూ! సెంటోసా దీవిలో ఫొటోలు దిగండి, ముస్తఫా కొట్లో చాక్లెట్లు కొనుక్కోండి, అంతే!" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కుర్రాళ్ళు కూడా మొహమాటానికి నవ్వారు.

కాసేపటికి వేదిక మీద మరొకరు మైకు అందుకున్నారు. సింగపూర్ శుభ్రతంతా జరిమానా భయమేననీ, మనదేశంలో కూడా అలా కొరడా పట్టుకుంటే గానీ మనవాళ్ళకు బుద్ధి రాదనీ అన్నారు. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లు కొట్టినవాళ్ళ కుర్చీల కిందే ఉగాది పచ్చడి తాగి పడేసిన కాగితం గ్లాసులు. ఒక్కో గ్లాసు అడుగున వేపపువ్వు, మామిడి ముక్క, కాస్త బెల్లం నీళ్ళు. పిల్లలు తొక్కుకుంటూ పరిగెడితే ఆ బెల్లంతో గచ్చంతా జిగురైంది. తలుపు దగ్గర తుడుపు కర్ర పట్టుకుని ఒక చైనీస్ పెద్దావిడ, డెబ్బై ఏళ్ళుంటాయేమో, మనం ఎప్పుడు ఖాళీ చేస్తామా అని చూస్తోంది. "ఆవిడకి దానికేగా జీతం" అని ఎవరో అన్నారు.

ఆ పూట విన్న ఈ మూడు మాటలూ తప్పే. రెండున్నర రోజుల్లో ఈ ఊరు తెలుస్తుంది. ఊరి శుభ్రత ఒక్క భయం వల్ల రాలేదు. ఆ పెద్దావిడ జీతం మన గ్లాసులు ఏరడానికి కాదు.

జరిమానాలు ఉన్నమాట నిజం. ఎంఆర్‌టీ అనే ఇక్కడి మెట్రో రైల్లో తిన్నా తాగినా 500 డాలర్ల వరకూ, రోడ్డు మీద చెత్త వేసి కోర్టుకెక్కితే మొదటిసారే 2,000 డాలర్ల వరకూ పడొచ్చు. మెరిసే చొక్కా తొడిగి వీధులు ఊడ్పించే శిక్ష 1992 నుంచీ ఉంది. కానీ వరస చూడండి. పరిశుభ్రత ఉద్యమం 1968లో మొదలైంది. రోడ్డు మీద వంట చేసి అమ్ముకునేవాళ్ళను తరిమెయ్యకుండా నీళ్ళు, కాలవ, చెత్త గది ఉన్న హాకర్ సెంటర్లు కట్టి అందులోకి తెచ్చారు. అది 1986 దాకా పట్టింది. సింగపూర్ నదిని బాగుచేయడానికి 1977లో అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ పదేళ్ళ గడువు పెట్టారు. పందుల దొడ్లు, బాతుల దొడ్లు తీసేశారు, గుడిసెల్లో ఉన్నవాళ్ళకు ఇళ్ళిచ్చారు, సరుకు పడవలను పాసిర్ పంజాంగ్‌కు మార్చారు. 1987కు పని పూర్తయింది. ముందు చోటు చూపించారు, ఆ తర్వాతే గట్టిగా అడిగారు. తిన్న ట్రే తిరిగి పెట్టకపోతే చర్య తీసుకోవడం మొదలైంది 2021 సెప్టెంబరులో. అప్పుడు కూడా మొదటిసారి హెచ్చరికే.

మన దేశాన్నీ ఈ ఊరినీ పోల్చడం ఇష్టం లేదు గానీ, వేదిక మీద మాట వచ్చింది కాబట్టి చెప్పక తప్పదు. తిరుమల వెంగమాంబ అన్నప్రసాద భవనంలో రోజూ వేలమంది మన తెలుగువాళ్ళే బంతికి కూర్చుంటారు. వాళ్ళు లేచిన కాసేపటికి ఆకులు ఎత్తేసి, బల్లలు తుడిచి, తర్వాతి బంతికి నీళ్ళు పెడతారు. అక్కడ ఎవరి మీదా కొరడా లేదు. ఏర్పాటు ఉన్నచోట మనవాళ్ళు చక్కగా నడుచుకుంటారు. అయినా గుట్కా నమిలి మెట్ల మూలన ఉమ్మే అలవాటును మాత్రం ఏ ఏర్పాటు పేరు చెప్పీ సమర్థించలేం. అది మనదే, సిగ్గుపడాల్సిందే.

ఇక ఆ కుర్రాళ్ళకు చెప్పాల్సిన జవాబు. వీపు సంచితో వచ్చేవాళ్ళు ఎక్కువగా లిటిల్ ఇండియా, జలాన్ బెసార్ హాస్టళ్ళలో దిగుతారు. చాంగీలో విమానం దిగినవాళ్ళు ఎంఆర్‌టీ ఎక్కి ఒక్క స్టేషన్ దాటగానే ఎక్స్‌పోలో దిగి, డౌన్‌టౌన్ లైన్‌కు మారాలి. లిటిల్ ఇండియా బోర్డు వచ్చేదాకా కూర్చుంటే రైలు చైనాటౌన్, బేఫ్రంట్, బూగిస్ చుట్టూ తిరిగి వస్తుంది. జలాన్ బెసార్‌లో దిగి నడిస్తే సరి.

టికెట్ కొనక్కర్లేదు, వీసా లేదా మాస్టర్‌కార్డ్ తాకిస్తే చాలు. బయటి దేశపు కార్డుకు వాడిన రోజుకు 60 సెంట్లు అదనం. ఇక్కడే మనవాళ్ళు ఇరుక్కుంటారు. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసుకోకుండా విమానం ఎక్కేస్తారు. ఒకే కార్డుతో ఇద్దరు గేటు దాటబోతారు, కుదరదు. ఎక్కేటప్పుడు ఫోను, దిగేటప్పుడు కార్డు తాకిస్తారు. యంత్రానికి అవి రెండు వేర్వేరు కార్డులు. బస్సు దిగేటప్పుడు తాకించడం మర్చిపోతే చివరి స్టాపు దాకా ఛార్జీ పడుతుంది. ప్లగ్గులు ఇక్కడ మూడు పలకల పిన్నులవి, మన గుండ్రటి పిన్ను పట్టదు.

బయల్దేరే ముందు ఇంకో మూడు సంగతులు. అరైవల్ కార్డు దిగే రోజుతో కలిపి మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం, డబ్బు అడిగే సైటు ఏదైనా ప్రభుత్వానిది కాదు. గుట్కా, ఖైనీ, ఈ-సిగరెట్, చూయింగ్ గమ్ తేకూడదు, సిగరెట్లకు ఒక్కదానికైనా సుంకం మినహాయింపు లేదు. అమ్మ కట్టిచ్చిన మసాలా పొట్లంలో గసగసాలు ఉన్నాయేమో విప్పి చూసుకోవాలి. మనకు అవి కుర్మాలో వేసే దినుసు, ఇక్కడ మాదకద్రవ్యాల శాఖ నిషేధించిన సరుకు. మాంసం అనుమతి ఉన్న దేశాల నుంచే రావాలి కనుక నాటుకోడి పచ్చడి ఇంట్లోనే ఉంచి రావాలి.

ఎక్కడ చూడాలి అంటే, ముందు పొద్దున్నే వాటర్లూ స్ట్రీట్. చైనీస్‌వాళ్ళు కొలిచే క్వాన్ ఇమ్ అమ్మవారి గుడి పక్కనే శ్రీకృష్ణుడి గుడి. అమ్మవారికి దండం పెట్టుకుని వచ్చిన చైనీస్ ఆడవాళ్ళు కృష్ణుడి వాకిట్లోనూ అగరొత్తులు గుచ్చి వెళ్తారు. ఎవరూ ఎవరికీ వివరించరు. అక్కడి నుంచి తెలోక్ అయర్. ఒకప్పుడు సముద్రపు ఒడ్డు అది, దిగినవాళ్ళు దిగినచోటే మొక్కు తీర్చుకున్నారు. అందుకే ఒకే వీధిలో తియాన్ హాక్ కెంగ్ అనే చైనీస్ గుడి, నాగూర్ దర్గా, అల్ అబ్రార్ మసీదు. పది నిమిషాలు నడిస్తే సౌత్ బ్రిడ్జ్ రోడ్డు మీద 1827 నాటి మారియమ్మన్ గుడి, దాదాపు పక్కనే జామే మసీదు. వీటిలో దేనికీ టికెట్ లేదు. భుజాలు, మోకాళ్ళు కప్పుకుంటే చాలు.

మధ్యాహ్నం మాక్స్‌వెల్ హాకర్ సెంటర్. ఇక్కడ కూర్చుని భోజనం కన్నా ట్రేలు పెట్టే చోటు చూడమని చెప్పండి. ట్రేలకు రెండు అరలుంటాయి, ఒకటి హలాల్, ఒకటి హలాల్ కానిది. పంది మాంసం తిన్న పళ్ళెం, ముస్లిం తిన్న పళ్ళెంతో కలవకూడదు. హాలు అదే, బల్ల అదే, పక్కపక్కన కూర్చున్నవాళ్ళే. లేచేటప్పుడు ఎవరి ట్రే వాళ్ళ అరలోకి వెళ్తుంది. ఏ అర ఏదో తెలియక తటపటాయిస్తే తుడిచే తాత వేలితో చూపిస్తాడు. భిన్న జాతులు కలిసి బతకడం గురించి మన వేదికల మీద గంటసేపు చెప్పేది అక్కడ అర నిమిషంలో కనబడుతుంది.

భోజనం నాలుగైదు డాలర్ల నుంచి దొరుకుతుంది. చాలా స్టాళ్ళలో మన కార్డు నడవదు, చిల్లర ఉంచుకోవాలి. శాకాహారులు "వెజిటబుల్ నూడుల్స్" పేరు చూసి మోసపోకూడదు. వాటిలో వేసే సంబల్ కారంలో ఎండు రొయ్యల ముద్ద ఉంటుంది. "వెజిటేరియన్" అని బోర్డు పెట్టిన స్టాల్ వెతుక్కోవాలి, లేదా లిటిల్ ఇండియాలోని టెక్కా హాకర్ సెంటర్‌లో దోసె. పెద్ద రెస్టారెంటు మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే పది శాతం సర్వీసు, దాని మీద 9 శాతం జీఎస్టీ కలుస్తాయి.

సాయంత్రం తోఅ పాయో. ఇది ఏ పర్యాటక పటంలోనూ పెద్దగా ఉండదు. ఈ దేశ నివాసుల్లో పదిమందిలో దాదాపు ఎనిమిది మంది ఉండేది ఇలాంటి హెచ్‌డీబీ ఇళ్ళలోనే, అంటే ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టినవాటిలోనే. 1989 నుంచి ప్రతి బ్లాకులో ఏ జాతివాళ్ళు ఎంతమంది ఉండవచ్చో పరిమితి ఉంది. ఆ పద్ధతి ఇల్లు అమ్ముకునేటప్పుడు కొందరికి ఇబ్బందే, మనలోనూ పడ్డవాళ్ళున్నారు. కానీ కింది అంతస్తు ఖాళీ జాగాలో ఒక వారం మలయ్ పెళ్ళి, మరో వారం చైనీస్ చావు జాగారం జరిగేది దానివల్లే. రాత్రి 7.45కు గార్డెన్స్ బై ద బేలో దీపాల ప్రదర్శన, తప్పితే 8.45కు, రెండూ ఉచితం. మర్నాడు పొద్దున్న లిటిల్ ఇండియా స్టేషన్ నుంచి మూడో స్టేషన్ బొటానిక్ గార్డెన్స్, అదీ ఉచితమే. మధ్యాహ్నపు వాన పడకముందే తిరిగొచ్చేయాలి. కుళాయి నీళ్ళు తాగొచ్చు, సీసా ఉంటే చాలు.

సెంటోసా వద్దని కాదు. ఆదివారం సాయంత్రం లిటిల్ ఇండియా మైదానంలో కూర్చున్న మన శ్రీకాకుళం, గోదావరి జిల్లాల తమ్ముళ్ళను కూడా చూసి వెళ్ళమని అనాలి. ఈ ఊరి కట్టడాల్లో, ఊడ్చిన వీధుల్లో వాళ్ళ చెమట కూడా ఉంది.

సమాజం కమిటీకి ఒక మనవి. మన ఊళ్ళలో అరుగు మీద కూర్చున్న ముసలమ్మ దారిన పోయే మనిషిని "ఏ ఊరు నాయనా, అన్నం తిన్నావా" అని అడుగుతుంది. సభకు వచ్చిన వీపు సంచి పిల్లలను మనం నవ్వి పంపించాం. వచ్చే దీపావళి సభలో తలుపు దగ్గర ఒక బల్ల వేయండి. పైన రాసిందంతా ఒక కాగితానికి రెండు వైపులా పడుతుంది. తెలుగులో అచ్చు వేయించి పెట్టండి, దగ్గర ఎవరైనా పెద్దవాళ్ళను కూర్చోబెట్టండి. నాలుగు వందల మందికి భోజనం అనుకుంటే, హాలు నాలుగు మూలలా పెద్ద చెత్త సంచులు, గ్లాసుల్లో మిగిలింది ఒంపడానికి ఒక్కో మూల ఒక బకెట్టు, వాటి పక్కన ఒక వాలంటీరు. ఒంపకుండా సంచిలో వేస్తే అడుగున చిరిగి కారుతుంది, మొన్న జరిగింది అదే. హాలు బుకింగులో ముప్పావు గంట ఎక్కువ తీసుకోండి. ఆ పెద్దావిడ వచ్చేసరికి కుర్చీలు పేర్చి ఉండాలి, ఆవిడ కోసం ఒక పళ్ళెం భోజనం మూతపెట్టి ఉంచాలి.