పన్నెండో కాలమ్ గారికి నమస్కరించి రాయునది

మహారాజశ్రీ పన్నెండో కాలమ్ గారికి,

విజయవాడ గవర్నర్‌పేటలో జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుకునే ఒక సామాన్యుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. నిజానికి మీ కుశలం అడగక్కర్లేదు. ఉద్యోగ దరఖాస్తుల్లో, సెక్యూరిటీ ఏజెన్సీల ఫారాల్లో, పార్సిళ్లు తెచ్చే కుర్రాళ్లు చేరే యాప్‌లో, ఎక్కడ చూసినా తమరే. కొన్ని ఫారాల్లో తమరు తొమ్మిదో కాలమ్, కొన్నింట్లో పదిహేడు. నెంబరు ఏదైనా మాట ఒక్కటే: "మీరు ఎప్పుడైనా అరెస్టయ్యారా? మీ మీద క్రిమినల్ కేసులు ఉన్నాయా? అవును / కాదు."

చదువుకి నాలుగు గళ్లు ఇస్తారు. అనుభవానికి ఆరు లైన్లు. ఆఖరికి "అభిరుచులు" అన్నదానికి కూడా రెండు లైన్లు దొరుకుతాయి. అందరూ క్రికెట్, పాటలు వినడం అని రాస్తారు, ఎవరూ చదవరు. మీకేమో అర అంగుళం జాగా. చదివేది మాత్రం ముందు మిమ్మల్నే.

మొన్న ఒకాయన వచ్చాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి. ప్లాస్టిక్ కవర్లో ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, వాటి అడుగున నాలుగు మడతలు పెట్టిన సర్టిఫికెట్. లోపల ఉన్న కాలంలో వడ్రంగం నేర్చుకున్నాడు. జైల్లో వాళ్లు చేసిన బల్లలూ కుర్చీలూ ప్రభుత్వాఫీసులకు వెళ్లేవట. మాట్లాడుతూనే నా కౌంటర్ అంచు పట్టుకుని ఊపి చూశాడు. "మేకులు కొట్టి వదిలేశారన్నా. చెక్కకి చెక్క బిగించి ఉంటే ఇలా ఊగేది కాదు" అన్నాడు. ఈ కౌంటర్ చేసినవాడికి డబ్బులిచ్చి, పైగా టీ కూడా పోయించాను. వాడి మీద ఏ కేసూ లేదనుకుంటా.

ఆ సర్టిఫికెట్ పైన పెద్ద అక్షరాల్లో జైలు పేరు, పక్కన ముద్ర. "పైన తెల్లకాగితం అడ్డం పెట్టి తీయండన్నా" అన్నాడు. తీశాను. కాపీలో వడ్రంగం పాసైన మనిషి ఉన్నాడు, పాస్ చేయించింది ఎవరో లేదు. సర్కారువారు సొంత ఖర్చుతో పని నేర్పిస్తారు. నేర్చుకున్నట్టు రుజువు మాత్రం ఎవరికీ చూపించలేని కాగితం మీద అచ్చేసి ఇస్తారు. ఇది మీ ప్రతాపం కాక మరేమిటి?

తర్వాత మీ దగ్గరికి వచ్చాం. "ఏం పెట్టమంటారు?" అన్నాడు. అంతకుముందు కొన్నిచోట్ల 'అవును' పెట్టాడట, ఫోన్లు రాలేదు. ఒకచోట 'కాదు' పెడితే పని ఇచ్చారు. కొన్నాళ్లకి వెరిఫికేషన్‌లో బయటపడింది. జైలుకెళ్లినందుకు కాదు బాబాయ్, అబద్ధం చెప్పినందుకు తీసేస్తున్నాం అన్నారట. ఎంత నీతి!

ఈ విషయంలో పెద్ద కోర్టు మాట కూడా ఉంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: ఉద్యోగంలో చేరేవాడు కేసుల సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కుర్రతనంలో నినాదాలు చేసినట్టి చిన్న కేసైతే, దాచినా యజమాని చూసీచూడనట్టు వదిలేయొచ్చు. అంతవరకు బాగానే ఉంది. కానీ నిజం చెప్పినా, ఆ కేసు ఎప్పుడో ముగిసిపోయినా, ఉద్యోగం ఇచ్చి తీరాలని యజమానిని బలవంతపెట్టలేమని కూడా అన్నది. అంటే దాస్తే దాచినందుకు పోతుంది, చెబితే చెప్పినందుకు పోవచ్చు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మధ్యలో మీ అర అంగుళం.

పైగా మీరు అడిగేది శిక్ష పడిందా అని కాదు, అరెస్టయ్యారా అని. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణలో ఉన్న ఖైదీలని జాతీయ నేర గణాంకాల సంస్థే చెప్పింది. నూటికి 76 మంది. వీళ్లలో రేపు ఎంతోమంది నిర్దోషులుగా బయటికొస్తారు. కోర్టు వదిలేసినా మీరు వదలరు. జైలుకు పంపకుండా మంచి నడత షరతు మీద (ప్రొబేషన్) కోర్టు విడిచిపెట్టినవాళ్లకు ఆ శిక్ష అనర్హత కాకూడదని 1958 నాటి చట్టం చెబుతోంది. పిల్లప్పటి కేసుల్ని చాలావరకు మనిషికి అడ్డు పెట్టకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతోంది. ఇవన్నీ మీకు తెలియవని కాదు, రాసుకోడానికి జాగా లేదంతే.

ఇక మీ పక్షపాతం సంగతి. అపార్ట్‌మెంటు గేటు దగ్గర స్టూలేసుకుని కూర్చోవాలంటే 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ఒప్పుకోవాలి. కోర్టులో శిక్ష పడ్డవాణ్ణి గార్డుగా పెట్టుకోకూడదని అందులో ఉంది. ఎన్నేళ్ల కిందటి శిక్ష అన్న లెక్క లేదు. అదే కృష్ణ దాటి వెలగపూడి అసెంబ్లీలో కూర్చోవాలంటే? మామూలు నేరాలకు రెండేళ్లకు తక్కువ శిక్షయితే అడ్డే లేదు. రెండేళ్లో, అంతకు మించో పడితే, విడుదలైన ఆరేళ్లకు నిక్షేపంగా నామినేషన్ వేయొచ్చు. కేసులు నడుస్తుంటే అఫిడవిట్‌లో రాస్తే సరి. అక్కడ తమరు ఎంత ఒద్దికగా ఉంటారో! జాగా చాలకపోతే కాగితాలు జతచేసుకోండి సార్ అంటారు. కాబట్టి మా వడ్రంగం బాబాయ్ గేటు కాపలాకి పనికిరాడు గానీ, శాసనాలు చేయడానికి కొంతకాలం ఆగితే పనికొస్తాడు. ఈ సంగతి చెబితే ఆయన నవ్వలేదు. డిపాజిట్ ఎంత అని అడిగాడు.

గుంటూరు వైపు మీ వంశానికి పెద్ద చరిత్రే ఉంది. కొన్ని తెగల్లో పుట్టినవాళ్లను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టిన 1871 నాటి నేరస్థ తెగల చట్టం మీ ముత్తాత. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో 1913లో ఎరుకల కుటుంబాలను చేర్చి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకి అప్పజెప్పి, ఊరికి ఒక దొర పేరు పెట్టారు. అక్కడ టిక్కు పెట్టే శ్రమ కూడా లేదు, పుట్టగానే 'అవును'. 1952లో చట్టం పోయింది. ఆ ఊరి పేరు వినగానే బస్సులో సంచీ దగ్గరికి లాక్కునే అలవాటు పోలేదు. మా పటమట నుంచే సంఘ సంస్కర్తలు హేమలతా లవణం, లవణం గార్లు 1970లలో అక్కడికి వెళ్లి, దొంగతనం మానినవాళ్లు బతికేదెలా అన్న ప్రశ్న పట్టుకుని ఏళ్ల తరబడి తిరిగారు. చూశారా, వాళ్లూ ప్రశ్నే అడిగారు. మీరూ ప్రశ్నే అడుగుతారు.

మీకు పలుకుబడి లేని చోటు కూడా మా ఊళ్లో ఒకటుంది. ఆటోనగర్. లారీ బాడీలు కట్టే షెడ్డులో ఫారం ఉండదు. "చెక్కపని వచ్చా? రేపు తొమ్మిదింటికి రా" అంటారు, అంతే. బాబాయ్ ఇప్పుడు అక్కడే చేస్తున్నాడు. షెడ్డు ఓనరుకు సంగతి తెలుసు. "లోపలికెళ్లొచ్చినోళ్లు టైముకి లేస్తారు" అన్నాడట. అలాగని ఆటోనగర్‌ని నెత్తిన పెట్టుకుని ఊరేగించను. అడగని చోట పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, జీతం స్లిప్పు లేదు. స్లిప్పు లేకపోతే బ్యాంకు లోను ఇవ్వదు. అవన్నీ ఉన్న కంపెనీల గుమ్మంలో మీరు కూర్చుని ఉంటారు.

మిమ్మల్ని ఎత్తేయమని అడగడం లేదు. చిన్నపిల్లల బడిలో, బ్యాంకు లాకర్ గదిలో కొన్ని సంగతులు అడగాల్సిందే. కొంచెం వెనక్కి జరగండి చాలు. అమెరికాలో హవాయి రాష్ట్రం 1998లోనే మీ జాతిని మొదటి పేజీ నుంచి దించేసింది: ముందు మనిషిని చూసి, ఉద్యోగం ఇస్తామని చెప్పాకే పాత శిక్షల గురించి అడగాలి, అదీ పనికి సంబంధం ఉంటేనే. హైదరాబాద్ చంచల్‌గూడలో జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకులో రోజంతా డబ్బు చేతులు మారేది ఖైదీల దగ్గరే. జైలువాళ్లే నమ్మారు. మీకేమిటి టెన్షన్?

కాబట్టి నా మనవి, ఆ అర అంగుళాన్ని నాలుగు లైన్లు చేయండి. కేసు ఎప్పటిది, కోర్టులో ఏం తేలింది, ఆ తర్వాత ఏం చేస్తున్నారు, ఈ పనికీ ఆ కేసుకీ ఏం సంబంధం. నాలుగో లైనును మాత్రం దరఖాస్తుదారు కాకుండా యజమాని నింపి సంతకం పెట్టాలి.

జవాబు నల్ల సిరాతో, పెద్ద అక్షరాల్లో, గడి దాటకుండా రాయగలరు. కొట్టివేతలూ దిద్దుబాట్లూ ఉన్న జవాబులు తిరస్కరించబడును.

ఇట్లు,
ఊగే కౌంటర్ యజమాని,
గవర్నర్‌పేట, విజయవాడ