చించేరోకు 40 నిమిషాలు చాలు

పెరూ వెళ్లొచ్చే మనవాళ్ల వీడియోల్లో ఈమధ్య ఒక మాట తరచుగా వినబడుతోంది. "ఫ్రెండ్స్, ఎవరికీ తెలియని ఇన్కా గ్రామానికి వచ్చేశాం!" అంటారు. వెనకాల ఏడు టూరిస్టు బస్సులు బారుగా ఆగి ఉంటాయి. ఆ ఎవరికీ తెలియని గ్రామం పేరు చించేరో. పాత ఇన్కా రాజధాని కుస్కో నుంచి 30 కిలోమీటర్లు కూడా ఉండదు, తారురోడ్డు పక్కనే ఉంటుంది. మాచుపిచ్చు రైలెక్కడానికి ఒల్లాంతాయ్‌తాంబో వెళ్లేవాళ్లలో చాలామంది దీన్ని దాటుకునే పోతారు. అయినా చూసినవాడు లేడు. రోడ్డు పక్కనున్న ఊరిని ఇంతమంది ఇన్నేళ్లుగా చూడకుండా ఉండగలగడం ఆషామాషీ వ్యవహారం కాదు, దానికో శాస్త్రం ఉంది. అది తెలియక పొరపాటున ఊరు చూసేసే అమాయకులు ఒకరిద్దరు మిగిలారు కనుక, వారి మేలుకోరి ఈ నాలుగు ముక్కలు.

ముందుగా ప్యాకేజీ సంగతి. పిసాక్, ఒల్లాంతాయ్‌తాంబో, మొరాయ్, మరాస్ ఉప్పుమళ్లు, చించేరో అన్నీ ఒక్కరోజులో చుట్టేసేదే ఉత్తమ ప్యాకేజీ. ఈ ఊళ్లున్న పవిత్ర లోయ (సేక్రెడ్ వ్యాలీ) వరకు చెల్లే టూరిస్టు టికెట్టు విదేశీయులకు పెరూ డబ్బులో 70 సోల్‌లు, 2 రోజులు పనిచేస్తుంది (మరాస్‌కు మళ్లీ విడిగా కట్టాలి). రెండో రోజు వాడారా, ఊరు కళ్లబడే ప్రమాదం ఉంది. చెల్లే టికెట్టును చెత్తబుట్టలో వేసి రైలెక్కడమే క్షేమం.

చించేరోకు కేటాయింపు 40 నిమిషాలు. ఇందులో సింహభాగం నేతశాలది. ఈ కళను కాస్త వివరంగా తెలుసుకోవాలి.

బస్సు దిగగానే చేతిలో వేడివేడి మున్యా ఆకు టీ పెడతారు. ఎర్ర జాకెట్టు, నల్ల పరికిణీ, చదునైన టోపీ పెట్టుకున్న ఒకావిడ ముందుకొచ్చి, ఓ దుంపను తురిమి నీళ్లలో కలుపుతుంది. కుంకుడు రసంలా నురగ పొంగుతుంది. మట్టికొట్టుకుపోయిన ఉన్ని అందులో ముంచి తీస్తే తెల్లగా వస్తుంది. బస్సు మొత్తం "ఓ" అంటుంది. తర్వాత నాగజెముడు ఆకు మీంచి కోచినీల్ పురుగును గిల్లి అరచేతిలో నలుపుతుంది. నెత్తురు రంగు! మళ్లీ "ఓ". నిమ్మకాయ పిండుతుంది, ఎరుపు నారింజ అయిపోతుంది. ఇక్కడ "ఓ" రెండింతలు. ఆ రంగు పెదాలకు రాసుకుని ముద్దుల మీద ఒక జోకు వేస్తుంది. పొద్దున తొమ్మిది గంటల బస్సుకూ అదే జోకు, పదింటి బస్సుకూ అదే జోకు, సాయంత్రం చలికి చేతులు కొంకర్లు పోతుండగా వచ్చిన ఆఖరి బస్సుకూ అదే జోకు. ఆవిడ ముఖంలో నవ్వు మాత్రం చెక్కుచెదరదు. ఇంత చేసేది ఆవిడైతే, వీడియోలో కనబడే ముఖం మాత్రం మనవాడిది.

మధ్యలో ఒక శాకాహారి "అయ్యో, పురుగులా!" అని వెనక్కి జరుగుతాడు. కిలో ఎండు కోచినీల్‌కు దాదాపు లక్షన్నర పురుగులు పడతాయి. ప్రపంచంలో దీన్ని అన్నిటికన్నా ఎక్కువగా పండించే దేశం పెరూయే. ఇది లిప్‌స్టిక్కుల్లో, ఇ120 అనే ఆహారరంగు కోడ్ ముద్దుపేరుతో మిఠాయిల్లో, గులాబీరంగు పెరుగు డబ్బాల్లో తిరుగుతూనే ఉంటుంది. ఆ సంగతి ఆయన చెవిన వేయకండి పాపం, ప్రయాణం పాడవుతుంది.

నిమ్మకాయ అంకం అయిపోయాక ఫోన్లు జేబుల్లోకి వెళ్లిపోతాయి. అసలు పని అప్పుడు మొదలవుతుంది. ఉన్నిని పటిక వేసి మరిగించకపోతే రంగు నిలవదు. క్షారం కలిస్తే అదే ఎరుపు ఊదాకు తిరుగుతుంది. కదురుతో వడికిన నూలును రెండు పోగులు కలిపి గట్టిగా పేనాలి. మెలి చాలకపోతే పడుగు నడిమధ్యలో తెగుతుంది. పడుగు వేసేటప్పుడు ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, నేలలో దిగగొట్టిన మేకుల మధ్య నూలుండను ఒకరికొకరు విసురుకుంటారు. నేసేటప్పుడు పడుగు ఒక కొస గుంజకు, రెండో కొస నేసేవారి నడుముకు. బిగువంతా ఆ నడుముదే, కాస్త ముందుకు వంగితే సడలుతుంది. ఎదురుగా కాగితం ఉండదు, గీసిన బొమ్మా ఉండదు. ఎన్ని పోగులు ఎత్తాలో, ఎన్ని వదలాలో లెక్క తలలోనే ఉంటుంది. చించేరో సొంతమైన లొరైపు నమూనా అలా పుడుతుంది. ప్రతి వరుసకూ లామా అనే జంతువు ఎముకతో పేకను దిగగొడతారు. బెత్తెడు పట్టీకే రోజులు పడుతుంది, దుప్పటైతే నెల దాటుతుంది.

ఆ దుప్పటి ధర చెప్పగానే మనవాడు గుండె పట్టుకుంటాడు. "సగానికి ఇస్తావా?" పోచంపల్లిలోనూ ఇదే నోరు, గద్వాలలోనూ ఇదే నోరు, రెండు మహాసముద్రాలు దాటొచ్చినా ఇదే నోరు. రైలు టికెట్టు దగ్గర, మాచుపిచ్చు కింద హోటల్లో కాఫీ బిల్లు దగ్గర ఆ నోరు పెగలదు. గద్దించి అడిగితే తగ్గించలేని మనుషుల దగ్గర మర్యాదస్తుడు, నడుముకు మగ్గం కట్టుకుని నేల మీద కూర్చున్న ఆడమనిషి దగ్గర మాత్రం వ్యాపారవేత్త. సిగ్గులేనితనానికి బేరమని పేరు పెట్టుకుని, పది సోల్‌లు తెగ్గోసినందుకు బస్సెక్కి చప్పట్లు కొట్టించుకుంటాడు. ఆమె నెల పనిలోంచి కోసిన డబ్బది. తెలుసుకోవాలని కూడా ఉండదు వాడికి.

తర్వాత రోడ్డు పక్క కొట్లో "బేబీ అల్పాకా" (లామాకు చుట్టమైన జంతువు మెత్తటి ఉన్ని) అని ఓ శాలువా చవగ్గా కొంటాడు. అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగిస్తే తేలిపోతుంది. ఉన్నయితే వెంట్రుక కాలిన కంపు కొట్టి పొడిబూడిద అవుతుంది, యాక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. చించేరో చేనేత తెలియాలంటే అంచు చూస్తే చాలు. దాన్ని నేస్తూ నేస్తూనే గుడ్డకు కుట్టేస్తారు. న్యావి అవపా అంటారు దాన్ని. కానీ తిప్పి చూడటానికి టైమేదీ, హారన్ కొడుతున్నారు.

ఊరు పైనుంది. ఇన్కా చక్రవర్తి పాచకూటిక్ కొడుకు టుపాక్ ఇన్కా యుపాంకీ 15వ శతాబ్దంలో కట్టించుకున్న విడిది గోడల మీదే 1607 నాటి చర్చి నిలబడి ఉంది. కింద ఇన్కా రాయి, పైన సున్నం కొట్టిన మట్టి ఇటుక. లోపల కప్పంతా రంగుల బొమ్మలు, ఫోటోలు తీయనివ్వరు. వీడియో రానిచోట మనకేం పని? చౌకులో పైకి పోయేకొద్దీ సన్నబడే గూళ్లున్న పెద్ద రాతిగోడ, దాని కింద మెట్లపొలాలు, ఇంకా కిందికి దిగితే చింకానా అనే పెనుబండ. బండలోనే మెట్లు, కాలువలు తొలిచారు. అక్కడినుంచి పాతబాట లోయలోని ఉర్కియోస్ ఊరికి దిగుతుంది, దాదాపు మూడు గంటల నడక. డిసెంబరు నుంచి మార్చి దాకా బురద, కాలు జారుతుంది.

ఇంత నిర్లక్ష్యానికి గురైన ఊరిని ప్రభుత్వం మాత్రం మరిచిపోలేదు. విమానాశ్రయం కడుతోంది. చించేరో చూడటానికి కాదు లెండి, మాచుపిచ్చుకు త్వరగా పోవడానికి. 2014లో ఒప్పందం, 2017లో రద్దు, 2019లో మళ్లీ మట్టిపని. చరిత్రకారులు, పురావస్తువాళ్లు వద్దని సంతకాలు పెట్టారు. కుస్కో తాగే నీటిలో పెద్ద వాటా ఇచ్చే పియురాయ్ సరస్సు అక్కడే ఉందన్నారు. ఎవరు వినాలి? బంగాళదుంప పొలాలు రన్‌వే అవుతున్నాయి. పలచటి గాలిలో రెక్కకు పైకి లేపే బలం అందదు, ఇంజనుకు ఊపిరి చాలదు. అందుకే రన్‌వే 4 కిలోమీటర్లు!

లెక్క చూడండి. ఏడాదికి 50 లక్షలకు మించి ప్రయాణికులట, అందులో సగం దిగేవాళ్లు. మాచుపిచ్చుకు రోజుకు అనుమతించేది 4,500 మందిని, రద్దీ రోజుల్లో 5,600. ఏడాది పొడవునా రద్దీయే అనుకున్నా 20 లక్షల పైచిలుకు. కుస్కో జనాన్ని తీసేసినా మిగిలినవాళ్లను ఎక్కడ పెడతారో ఏ ప్రకటనలోనూ లేదు. పైగా ఊరు కుస్కో కంటే ఎత్తు, 3,760 మీటర్లు. సముద్రం ఒడ్డున లిమాలో విమానమెక్కినవాడు గంటన్నరలో ఇక్కడ దిగితే, ఒడ్డున పీల్చిన ఆక్సిజన్‌లో మూడింట రెండొంతులు కూడా దొరకదు. తలనొప్పి, వాంతులు. డాక్టరు చెప్పేది ఒకటే: ముదిరితే వెంటనే కిందికి దిగిపొమ్మని. కనుక కాబోయే లక్షలాది అతిథులు విమానం మెట్లు దిగి, చించేరో వైపు చూడకుండా వ్యాన్లెక్కి, దాదాపు 900 మీటర్లు దిగువనున్న ఉరుబంబాకు పోతారు. అదీ వైద్యుల సలహా మీద.